ఆరు గంటలకు సగం

ఎక్స్‌రే తప్పేం లేదు, మైసయ్యా.
పోయిన ఎముకనే అది చూస్తుంది,
పోతున్న ఎముకను చూడలేదు.
మూడోవంతు సున్నం కరిగిపోయాక గానీ
ఆ తెల్లదనంలో చిన్న చీకటైనా పడదు.

ఎమ్మారైకి పంపితే
నీ కాలిలో రాడ్డు
బొమ్మనంతా మింగి నల్ల మరక మిగిల్చింది.
ఆరాంఘర్ చౌరస్తాలో లారీ వెనక్కొచ్చిన నాటి నుంచి
నిన్ను నిలబెట్టిన స్టీలే
ఇప్పుడు చూపుకు అడ్డం నిలబడింది.

అందుకే ఈ నేలమాళిగకు వచ్చావు.
ఇక్కడ మేం నీ మీద వెలుతురు వేయం.
దాన్ని నీలోకే ఎక్కించి
బయట కూర్చుని ఎదురుచూస్తాం.

సీసం డబ్బాలోంచి సిరంజి తీసి
మోచేతి మడతలో నరం వెతికాను.
గోళ్ళ సందుల్లో లేతపచ్చ డిస్టెంపర్.
"ఎక్కడ పని?"
"ఈ కాలుతోటి తాడు మీదికి ఎవలు ఎక్కనిస్తరు మేడం,
కిందనే గేట్లకు ఏస్తున్న."

మూడు గంటలు ఆగాలి.
ఎముక నెమ్మది మనిషి,
ఇచ్చింది వెంటనే అందుకోదు.
సీసాడు నీళ్ళు తాగమన్నాను,
ఈ పూట బిడ్డను ఒళ్ళో కూచోబెట్టుకోవద్దన్నాను.

బిడ్డ అడిగింది. జోషిత, ముందు పళ్ళు రెండు లేవు.
"ఎందుకు?"
"మీ నాయిన లోపల చిన్న దీపం పెట్టినం."
"ఎప్పుడు ఆరుతది?"
"ఆరు గంటలకు సగం ఆరుతది.
ఇంకో ఆరుకు, ఆ సగంలో సగం."

బల్ల మీద పడుకున్నావు, కెమెరా ముక్కు దాకా దిగింది.
తెర మీద చుక్క చుక్కగా
నీ బ్రష్ దులిపితే గోడకు పడ్డట్టు
పుర్రె, వెన్ను, తుంటి.
ఎడమ మోకాలి కింద, రాడ్డు చివరి స్క్రూ దగ్గర
చుక్కలన్నీ గుంపుకట్టాయి,
జుమ్మెరాత్ బజార్లో జనంలా.

అది ఒక్కటే చూసి ఊరుకోవాల్సింది.
కుడివైపు పక్కటెముకలు మూడు
వరసగా మినుకుమంటుంటే అడిగేశాను.
"ఎప్పుడు పడ్డవ్?"
చాలాసేపు పలకలేదు నువ్వు.
"మొన్న ఎండకాలం. నిచ్చెన జారింది.
ఇంట్ల చెప్పలే."
కుడి మోకాలూ వెచ్చగానే ఉంది.
ఎడమకాలు చేయలేని చాకిరీ
ఎవరి నెత్తిన పడిందో తెలిసిపోయింది.

మంట ఉందంటుంది కెమెరా.
పొయ్యి మంటో కొంప మంటో చెప్పదు.
మానుతున్న ఎముకా వెలుగుతుంది,
కుళ్ళుతున్న ఎముకా వెలుగుతుంది.

గురువారం మళ్ళీ రావాలి.
నీ రక్తమే కొంత తీసి
తెల్లకణాలకు ఆనవాలు కట్టి
తిరిగి నీకే ఎక్కిస్తాం.
ఎటు పరుగెడతాయో చూస్తాం.
దొంగ ఏ గదిలో దాక్కున్నాడో
ఆ ఇంటి కుక్కకే కదా వాసన తగిలేది.

చీము అక్కడే ఉంటే
చచ్చిన ఎముక ముక్క ఒకటి లోపల ఉండొచ్చు,
చుట్టూ కొత్త ఎముక గోడ లేపుకుని.
శవాన్ని నట్టింట్లో పెట్టుకుని
తలుపేసుకున్న ఇల్లు అది.
ఏ మాత్రా ఆ గడప దాటదు.
తెరవాలి, తీయాలి, బహుశా రాడ్డు కూడా.
తరవాత వారాల తరబడి సూదులు.

ఇవేవీ నీతో అనలేదు నేను.
రిపోర్టు కింద సంతకం నాది కాదు.
"డాక్టరమ్మ చెప్తది" అన్నాను,
దుప్పటి మడత పెడుతూ, నీ వైపు చూడకుండా.

బయట బెంచీకి ఆ చివర జోషిత.
గడియారం చూడటం ఇంకా రాదు.
నేను తలుపు తీసినప్పుడల్లా
"సగం అయిందా?" అంటుంది,
అవునన్నా కాదన్నా
జానెడు ఇటు జరుగుతుంది.

కాగితం చేతికొచ్చేసరికి సాయంత్రమైంది.
షట్టరు దించుతూ చూశాను.
మీ ఇద్దరి మధ్య
టిఫిను డబ్బా పట్టేంత చోటు మిగిలింది.
ఆ చోట్లో నీ అరచేయి,
బోర్లా,
పచ్చ రంగు గోళ్ళతో,
ఎటూ జరగకుండా.